ఉమ్మివేయడం మర్యాదే

అమెరికాలో స్థిరపడిన పిల్లలు తమను చూడవచ్చిన తల్లిదండ్రులను కాలిఫోర్నియాలోని నాపా లోయకు తీసుకువెళ్లడం ఇప్పుడొక ఆనవాయితీ అయింది. నేనూ వెళ్లాను. అరవై దాటాక మొదటిసారి వైన్ రుచి చూడవలసి వచ్చే పాఠకుల కోసమే ఈ నాలుగు మాటలు. అలవాటు లేనివారు వద్దని తిరస్కరిస్తే మరీ సంతోషం.

రుచి చూడటం వేరు, తాగడం వేరు. గ్లాసును కాడ దగ్గర పట్టుకొని మెల్లగా తిప్పి, ముందు వాసన చూడండి. మనం రుచి అనుకొనేదానిలో చాలా భాగం నిజానికి వాసనే. నోటి వెనుక నుంచి ముక్కులోకి చేరే ఆవిరే ఆ పని చేస్తుంది. జలుబు చేసినప్పుడు ఇంగువ పోపు పెట్టిన చారు కూడా చప్పగా తోచడానికి కారణమిదే.

ఎర్ర వైన్‌ను ద్రాక్ష తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు. వాటిలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లతో కలిసి నోటిని పిడచగట్టిస్తాయి. మనకిది కొత్త కాదు. నేరేడు పండు, పచ్చి అరటికాయ, ఉగాది పచ్చడిలోని మామిడి పిందె గుర్తు తెచ్చుకోండి. అదే వగరు. ఆధునిక శాస్త్రం దానిని రుచి కాదు, స్పర్శ అంటుంది. నేను శాస్త్రం పక్షమే గాని, ఉగాది నాడు మాత్రం షడ్రుచుల పక్షం.

బల్ల మీద ఒక ఖాళీ పాత్ర ఉంటుంది. పుక్కిలించి అందులో ఉమ్మివేయడం అక్కడ మర్యాదే, నిపుణులంతా అదే చేస్తారు. మనవారు మాత్రం సిగ్గుపడి మింగేస్తారు. ఒక్కొక్క రకం 30 నుంచి 60 మిల్లీలీటర్లు పోసినా, ఐదు రకాలయ్యేసరికి ఒకటి రెండు గ్లాసులు కడుపులో పడినట్లే. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది.

ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న మాట 1990ల నాటి 'ఫ్రెంచి వైరుధ్యం' చర్చతో ఊరూరా పాకింది. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యపాన పరిమాణమంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. గుండె పేరు చెప్పి గ్లాసు ఎత్తకండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం మధుమేహం. ఆ రోజు పక్క బల్ల దగ్గర ఒక తెలుగు పెద్దాయన చెమటలు కక్కుతూ తడబడుతూ మాట్లాడుతున్నారు. "నాన్నకు కాస్త ఎక్కువైనట్టుంది" అని కూతురు నవ్వుతోంది.

"ఏం మందులు వాడతారమ్మా?" అని అడిగాను.

"షుగరు మాత్రేనండీ. పొద్దున వేసుకున్నారు. భోజనం తర్వాత చేద్దామన్నారు."

ఆ మాత్ర గ్లిమెపిరైడ్. అది ఇన్సులిన్ స్రావాన్ని పెంచి చక్కెరను తగ్గిస్తుంది. ఖాళీ కడుపున ఉన్నప్పుడు కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసి మనల్ని కాపాడుతుంది. ఆల్కహాలును విచ్ఛిన్నం చేసే పనిలో పడితే ఆ తయారీ మందగిస్తుంది. అలా చక్కెర పడిపోయిన మనిషి చూసేవారికి తాగినవాడిలాగే కనిపిస్తాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

స్పృహలో ఉండి మింగగలుగుతున్నారు గనుక నారింజ రసం తాగించాము. పావుగంటలో తేరుకున్నారు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి వెంటనే భోజనం పెట్టించమనీ, రాత్రి పడుకొనే ముందు, మధ్యలో మరొకసారి చక్కెర పరీక్ష చేయమనీ కూతురికి చెప్పాను. ఆమె అప్పటికే తన గ్లాసును పక్కకు జరిపి, నాన్న చేయి పట్టుకొని కూర్చుంది.