జహనుమాలో పడవ ఇంజను

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో పడవ ముచ్చటేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి. మాకు దగ్గర్లో నీళ్లంటే మీరాలం చెరువే. 1806 నాటి ఆ కట్టకున్న 21 కమానులు నీటి తోపుడుకి ఎదురొడ్డి ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. నీళ్లనే గుర్రపుడెక్క వదలడంలేదు. అందులో మోటారు బోటు దింపితే పంకాకి చుట్టుకుని నాలుగు బారలు కూడా పోనివ్వదు. అయినా నిరుడు వానాకాలం మా ఇలాకాలో పడవ ఇంజను మోగింది, వినండి.

రాజమహేంద్రవరంలో మా బావమరిది పాత ఫైబర్ బోటొకటి కొన్నాడు. గోదారి వరద తీసి పాపికొండల సీజను మొదలయ్యేలోపు దాన్ని సిద్ధం చేసుకోవాలని ఆత్రం. మా ఉస్తాద్ పనితనం గురించి నేను ఫోన్లో కోసిన కోతలన్నీ నమ్మి, ఇంజను ఊడదీసి డీసీఎంలో ఎక్కించి పంపేశాడు.

ఉస్తాద్‌కి ఇంజన్ బౌలి వైపు రేకుల షెడ్డు. ఆటోలు, జనరేటర్లు ఆయన లోకం. పడవ ఇంజను ముట్టుకోవడం అదే మొదలు. ముందు ఇంజను కాలికింద గేరుపెట్టె మర విప్పాడు. తేనె రంగులోనో నల్లగానో రావాల్సిన నూనె ఇరానీ చాయ్ రంగులో కారింది. "పానీ గయా సాబ్ అందర్" అన్నాడు. లోపలికి నీళ్లెలా పోయాయో పంకా లాగితే తెలిసింది. ఇరుసు చుట్టూ వల తాలూకు నైలాన్ దారం బిగుసుకుపోయి రబ్బరు సీలుని కోసేసింది. గోదారిలో వలలకు కొదవా? ఏ పాత పడవ కొన్నా పంకా విప్పించి చూడందే డబ్బివ్వకండి.

తర్వాత నీటి పంపు. కారులోలా రేడియేటరుండదు కదా, నదినీళ్లే పైకి లాగి ఇంజన్ని చల్లబరచాలి. ఆ పని చేసేది అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం. పడవ ఏళ్లతరబడి ఒడ్డున పడుంటే దాని రెక్కలు ఒకవైపే ఒరిగి గట్టిపడిపోతాయి. ఇంజను బ్రహ్మాండంగా స్టార్టవుతుంది, కాసేపటికే కాలిపోతుంది. కొత్త చక్రం వేశాక నీలం డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, అంచుకి మందపాటి చెక్క బిగించి, ఇంజన్ని దానికి తగిలించి తాడు లాగాడు. పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార చిమ్మింది. ఆ ధార వచ్చిందంటే పంపు పనిచేస్తున్నట్టే. గల్లీ పిల్లలు ఈలలు వేశారు, నేను చాయ్ తెప్పించాను.

అసలు నా గుబులు ఇంజను గురించి కాదండీ. దాని చుట్టూ ఎప్పుడూ పదిమంది మూగుతారు, ఎవడో ఒకడు బాగుచేస్తాడు. పడవని బోర్లించి అడుగుని ఎవరు చూస్తారు? ఫైబర్ పైపూత నున్నగా మెరుస్తూనే ఉంటుంది. ఇంజను బిగించే వెనక గోడ లోపల మాత్రం చాలా పడవల్లో ప్లైవుడ్డే. బోల్టు రంధ్రాల్లోంచి తేమ దూరి అది లోపల్లోపలే చివికిపోతుంది. చిన్న సుత్తితో తట్టండి. గట్టిచోట టకటకమంటుంది, చివికినచోట మొద్దుగా పలుకుతుంది. ఇంజను బిగించి ఉంటే దాని కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. గోడ కదిలిందా, బేరం వదిలేయండి, లేదా చేయి తిరిగిన వడ్రంగిని పట్టండి. తాళ్లరేవు వాళ్లకి ఈ విద్య కొత్త కాదు, పక్కనే కోరంగిలో ఒకప్పుడు ఓడలే కట్టారు.

కాగితాలంటే మావాడికి చిరాకు. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. నదుల్లో తిరిగే మరపడవలకి తనిఖీ, రిజిస్ట్రేషన్ దాని ప్రకారమే. "అన్నీ లంచాల కోసమే బావా" అన్నాడు. 2019 సెప్టెంబరు 15 గుర్తుచేశాను. కచ్చులూరు దగ్గర వరద గోదారిలో రాయల్ వశిష్ఠ అనే పర్యాటకుల బోటు మునిగిన రోజది. ధర్మాడి సత్యం బృందం తంటాలు పడి దాన్ని పైకి లాగేసరికి నెల దాటిపోయింది. ఆ మాటతో కాస్త మెత్తబడి, లైఫ్ జాకెట్లు మనిషికొకటి చొప్పున కొంటానన్నాడు. కొని సీటుకింద కుక్కితే ఏం లాభం, ఎక్కిన ప్రతివాడికీ తొడిగి బకిళ్లు బిగించాలి.

మొన్న ఫోన్ చేసి, పడవకి ఏ రంగు వేయించను, ఏ పేరు పెట్టను అని సలహా అడిగాడు. ట్యాంకులో పాత పెట్రోలు ఏం చేశావన్నాను. అలాగే ఉందట. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమని పీలుస్తుంది, నెలలు నిలవుంటే నీరు అడుగున తేరుకుంటుంది. రంగు, పేరు మా చెల్లెలు చూసుకుంటుంది, ముందు ఆ ట్యాంకు ఖాళీ చేసి కడగరా అన్నాను.