పిల్లి గురగుర

మన పెద్దలు పిల్లిని గూర్చి మంచిమాట పలికిన చోటు వెదకి పట్టుకొనవలసినదే. హితోపదేశములో దీర్ఘకర్ణమను మార్జాలము ధర్మములు వల్లించి, ముసలి గ్రద్దను నమ్మించి, చెట్టుమీది పక్షిపిల్లలను భక్షించి, నేరమును గ్రద్దమీదికి నెట్టినది. మనుస్మృతి కపటధర్మపరునకు బైడాలవ్రతికుడని పేరిడినది; బిడాలమనగా పిల్లియే. మన సామెతలలోని పిల్లి నేటికిని కన్నులు మూసికొని పాలు త్రాగుచునే యున్నది. ఇన్ని నిందలు మోసిన యీ జంతువు మన ప్రక్కను పండుకొని, గొంతులో చిన్న తిరుగలి త్రిప్పినట్లు గురగురలాడునే, దానిని గూర్చి మాత్రము నేను చదివిన ప్రాచీనగ్రంథములలో ఒక్క మాటయు కానరాలేదు.

మా త్రిపురారము నాగార్జునసాగరపు ఎడమకాలువ క్రింది ఊరు. 1967లో సాగరపు నీటిని కాలువలకు వదలిన పిమ్మట ఈ సీమ వరిపొలముల సీమయైనది. వడ్లున్న చోట ఎలుకలును పందికొక్కులును ఉండక మానవు గనుక, పిల్లిని పొమ్మను ఇల్లాలు మావైపు అరుదు. కోతలైన వెనుక వడ్లబస్తాలు మిర్యాలగూడెపు మిల్లులకు పోవువఱకు మా వసారాలోనే యుండును. వానికి కాపలాగా బూడిదవన్నె పిల్లి యొకటి కలదు.

గడచిన కార్తికములో మా చిన్నవానికి రాత్రులందు దగ్గును ఆయాసమును ఎక్కువైనవి. ఊపిరి విడిచినపుడెల్ల రొమ్ములో ఈల వేసినట్లు చప్పుడు. మనవారు ఆ చప్పుడునకు పిల్లికూతలని పేరు పెట్టిరి. ఆ పేరే మా పిల్లిపాలిటికి ముప్పైనది. మా అత్తమ్మ మనుమని రొమ్మున చెవి యానించి విని, అటుకమీది పిల్లి గొంతును విని, “రెండు ఒక్క తీరుగనే ఉన్నయి బిడ్డా. దానికి దమ్మున్నది, పోరనికి అంటింది. కాలువ అవతల ఇడిసిపెట్టి రమ్మను” అనెను. పిల్లి అప్పటికి నాలుగు దినముల క్రిందటనే పిల్లలను పెట్టినది. గోనెపట్టామీద మూడు కూనలు, ఇంకను కన్నులు తెఱవనివి. తల్లిని దూరము చేసినచో అవి బ్రదుకవు. పిల్లవాని ఊపిరి ఒక ప్రక్క, ఆ మూడు ప్రాణములు ఒక ప్రక్క. పెద్దలమాటకు ఎదురాడుట మా యింట లేదు. రెండు దినములు గడువడిగితిని. ఆ రెండు దినములలో మా వారును నేనును చదివి తెలిసికొన్నదియు, అటుపిమ్మట తెలిసినదియు ఇచట వ్రాయుచున్నాను.

సోదరీమణులారా, మీ యింట పిల్లి యున్నచో అది గురగురలాడునపుడు గొంతు క్రింద రెండు వ్రేళ్లుంచి చూడుడు. మనము కూనిరాగము తీయునపుడు ఊపిరి విడుచుచు తీయుదుము. పీల్చునపుడు రాగము తెగును. పిల్లికట్లు కాదు. ఊపిరి పీల్చుచును గురగురయే, విడుచుచును గురగురయే; నడుమ కన్నుమూసి తెఱచునంత విరామము. ఆ కంపము సెకనునకు ఇంచుమించు 25 మొదలు 30 మార్లు కలుగును. మాటలాడునపుడు మగవారి కంఠము సైతము సెకనునకు సుమారు నూఱుమార్లు కంపించును. వీణెమీద సన్నని పొట్టితీగ హెచ్చుస్వరమునే పలుకునుగదా! నాలుగు కిలోల జంతువు, చిటికెడు గొంతు. అందుండి అంతటి మంద్రస్వరము ఎట్లు వెలువడును?

1972లో రెమ్మర్స్, గోటియే అను శాస్త్రజ్ఞులు, మెదడు నుండి వచ్చు ఆజ్ఞవలన గొంతు కండరములు సెకనునకు ఇరువది ముప్పది మార్లు బిగిసి సడలుచు శ్వాసద్వారమును మూసి తెఱచుచున్నవని తెలిపిరి. ఏబదియేండ్లు ఆ మాటయే నిలిచినది. 2023లో వియన్నాకు చెందిన క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ అను నాయనయు ఆయన సహచరులును, నయముగాని రోగములవలన కారుణ్యమరణము పొందిన ఎనిమిది పిల్లుల గొంతుపెట్టెలను, వానిని పెంచినవారి సమ్మతితో తీసి, వాని గుండ వెచ్చని తేమగాలిని పంపి చూచిరి. ఆజ్ఞ యిచ్చుటకు మెదడు లేదు, బిగియుటకు కండరములలో జీవము లేదు. అయినను ఎనిమిదియు ఆ మంద్రస్వరమునే పలికినవి! పిల్లి కంఠతంత్రులలో దిండ్లవంటి మెత్తని కణజాలము ఇమిడి యున్నదనియు, దాని బరువువలన తంత్రులు మెల్లగా కంపించుననియు వారి యభిప్రాయము. మృదంగవిద్వాంసుడు కచేరికి ముందు ఎడమప్రక్క తొప్పిమీద రవ్వముద్ద అద్దుట చూచియుందురు. ఆ ముద్ద బరువే తొప్పికి గంభీరనాదము నిచ్చును. పిల్లి ఆ ముద్దను పుట్టుకతోనే గొంతులో పెట్టుకొని వచ్చినదన్నమాట. బ్రదికియున్న పిల్లి కండరములను గూడ వాడుకొనుచుండవచ్చును గాన పాతమాట పూర్తిగా కొట్టుపడలేదు. మా యింటి వ్యాజ్యమునకు కావలసిన సాక్ష్యము మాత్రము ఇందే దొరకినది: గురగురలో శ్లేష్మములేదు, ఊపిరితిత్తుల బాధ లేదు. పిల్లికూతలు రొమ్ములోని సన్నని శ్వాసనాళములు ఇఱుకగుటచేత పుట్టునవి; గురగుర గొంతులో పుట్టునది.

సాగరమునకు ఆవల నల్లమలలోని పెద్దపులి గాండ్రించును గాని, పిల్లివలె ఎడతెగక గురగురలాడజాలదు. చీతా గురగురలాడును. మనదేశమున అంతరించినదని 1952లో ప్రకటింపబడి, 2022లో నమీబియానుండి కూనో అడవికి తేబడిన చీతాయే అది. అంతటి పరుగుల జంతువునకు ఇంటిపిల్లి గొంతుండుట నాకు మిక్కిలి ముచ్చటగా నున్నది.

ఇక ఎందులకు గురగురలాడును? సంతోషముచేత అందురు. అది సగము మాట. పుట్టిన క్రొత్తలో కూనలకు కన్నులు తెఱచుకొనవు, చెవులును వినబడవు. తల్లి పొట్టనుండి వచ్చు కంపము ఒడలికి తగులుట వానికి ఒక ఆనవాలు. కొలదిదినములకే అవియు పాలు కుడుచుచు గురగురలాడ నేర్చును. నోటినిండ పాలున్నను ఈ చప్పుడునకు అడ్డులేదు. విశిష్టాద్వైతులలో తెంగలైవారు శరణాగతికి మార్జాలకిశోరన్యాయము చెప్పుదురు: కూన తానేమియు చేయదు, తల్లియే మెడపట్టి మోసికొని పోవును. చిన్ననాడు మా తండ్రిగారివద్ద ఈ న్యాయమును చదివితిని. అటుక నిచ్చెనమీద నిలిచి చూచుచుండగా, కూన బొత్తిగా ఊరకుండుట లేదని తోచినది. ‘ఇక్కడనే యున్నాను’ అని తల్లి పొట్టకు చెప్పుచునే యున్నది. వేదాంతులు నన్ను మన్నింతురుగాక!

పిల్లి ప్రసవవేదనలోను, గాయపడినపుడును, తుదకు మరణసమయమునను గూడ గురగురలాడును. ఆ కంపమువలన దాని యెముకలు త్వరగా అదుకుననుట వినుటకు ఇంపైన యూహయే గాని నిరూపితము కాలేదు. కూననాడు తల్లిని దగ్గఱ నుంచుకొన్న చప్పుడునే, కష్టము వచ్చినపుడు ఎవరినో దగ్గఱ నుంచుకొనుటకు వాడుకొనుచున్నదని నా తలంపు. ఆకలివేళ మఱియొక నేర్పు చూపును. 2009లో ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమున కేరెన్ మెకోంబ్ అను విదుషి పరిశీలించి, తిండి యడుగు పిల్లి తన గురగురలో సన్నని ఏడుపునొకదానిని కలుపుననియు, అది పసిబిడ్డ యేడుపు స్వరమునకు సమీపమనియు తెలిపినది. పిల్లిని పెంచనివారికి సైతము ఆ గురగురలో తొందర వినబడెనట. తెల్లవాఱకమునుపే మనల నెవరు లేపుచున్నారో యిప్పుడు తెలిసినదిగదా! దీర్ఘకర్ణుని వంశము ఊరక పోవునా?

మా వ్యాజ్యమును మిర్యాలగూడెములోని వైద్యురాలి యెదుట పెట్టితిమి. ఆమె నవ్వలేదు. ఉబ్బసము అంటువ్యాధి కాదనియు, చప్పుడువలన రాదనియు చెప్పినది. అయితే పిల్లి యుమ్మిలోను చర్మములోను నుండు ఒక మాంసకృత్తు వెండ్రుకలనంటి దుమ్ములో తేలుచు కొందఱికి ఆయాసము రేపుననియు, వడ్లదుమ్మును పొగయు బూజును అంతపని చేయగలవనియు, పిల్లవాడు పండుకొను గదిలోనికి వీనిని వేనిని రానీయరాదనియు హెచ్చరించినది. పీల్చుమందు వ్రాసియిచ్చినది. బస్తాలును, గోనెపట్టాతో కూడ తల్లిపిల్లియు కూనలును పశువులకొట్టములోనికి మాఱినవి. పిల్లవాని దుప్పట్లు వేడినీట ఉతుకుచున్నాను. వాని ఊపిరి కుదుటపడినది, మందు మానలేదు.

అత్తమ్మ మాటలోను కొంత నిజమున్నది. పిల్లులకు సైతము ఉబ్బసము వచ్చును. అట్టి పిల్లి నేలకు క్రుంగి, మెడ చాచి దగ్గును. ఒక్కొకపుడు నోరు తెఱచి ఎగయూపిరి విడుచును. అది చూచినచో గురగురయని ఊరకుండక వైద్యునికడకు కొనిపోవలెను.

మాఘములో మా పిల్లిని కుక్కలు కఱచినవి. వెనుకకాలు ఈడ్చుకొనుచు వచ్చి కొట్టపు మూల ముడుచుకొని గురగురలాడుచుండెను. మా చిన్నపిల్ల సంతోషముతో, “అమ్మా, దీనికి నొప్పి లేదే, పాట పాడుతున్నది” అని నన్ను పిలిచినది. పాలగిన్నె ముట్టలేదు, కన్నులు సగము మూసియున్నవి. గంపలో పెట్టి పశువైద్యునికడకు పోతిమి. అత్తమ్మయు మావెంట వచ్చినది. వైద్యుడు గొట్టము దాని రొమ్మున నుంచి, తీసి, మరల నుంచి, గురగురయే గాని గుండెచప్పుడు వినబడుటలేదనెను. గాయము కడిగి కట్టు కట్టునంతసేపును ఆ చప్పుడు ఆగలేదు. అత్తమ్మ దాని తలమీద చేయి యుంచి, తీయకుండ నిలుచుండెను.