ఒక్క అమావాస్య

ఇబ్రహీంపట్నం,
6 ఏప్రిల్ 2025

ఒరే రహీమూ,

అమ్మీకి నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. ఉగాది నాడు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి ఈద్ ముబారక్ చెప్పావట. "నేనిక్కడ రోజాలో ఉన్నా, వాడక్కడ షీర్ ఖుర్మా తాగుతుండు" అని నాకు చెప్పుకుంది. నువ్వు ఊరుకున్నావా, లెక్క ముందే తెలుస్తుంటే ఇంకా డాబా ఎక్కి చంద్రుణ్ణి వెతకడం దేనికని కూడా అడిగావు. ఆ మాటకు జవాబు ఫోనులో కుదరదు, అందుకే రాస్తున్నా.

ముందు ఒక సంగతి చూడు. మార్చి 29 పొద్దున మీ న్యూయార్కులో సూర్యుడు ఓ పక్క కొరికినట్టు ఉదయించాడు కదా, ఆ గ్రహణం తెచ్చిన అమావాస్యే మర్నాడు మాకు విశ్వావసు ఉగాదిని తెచ్చింది. దాని వెనకాల వచ్చిన నెలవంకతోనే మీకు 30న, అమ్మీకి 31న పండుగ. అమావాస్య ఒక్కటే. దాన్ని పంచుకోవడంలోనే ఇన్ని పేచీలు.

1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం గుర్తుందా? సిద్ధార్థి నామ సంవత్సరం. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి నుంచో సైంటిస్టులు దిగారు. ఊళ్లో మాత్రం తలుపులన్నీ బిడాయించారు. మా నాయన దర్భలు ముందేసుకుని లోపల జపంలో కూర్చున్నాడు. మీ అబ్బా గ్రహణం నమాజుకని మసీదుకు పోయాడు. మనిద్దరం ఎక్స్‌రే ఫిల్ము ముక్క పట్టుకుని చెరువు కట్ట మీద. (ఇప్పుడు మనవడు అలా చూస్తానంటే చెవి మెలేస్తా.) మధ్యాహ్నం మూడున్నర దాటాక వెలుతురు పాడుబడినట్టయింది, కొంగలు గూళ్లకు మళ్లాయి, ఆ పైన రెండు నిమిషాల చీకటి. నువ్వు నా చొక్కా పట్టుకున్నావు. పట్టుకోలేదని నలభై ఐదేళ్లుగా అబద్ధమాడుతున్నావు.

ఇంటికొస్తే దెబ్బలు ఖాయం అనుకున్నా. నాయన తడిబట్టలతో నిలబడి, "పట్టు ఎన్నింటికి?" అన్నాడు. నీ చేతి గడియారం చూసి చెప్పాం. పాత పద్ధతిలో ఆయన కట్టిన లెక్కకు పావుగంట తేడా వచ్చింది. మాట్లాడకుండా పంచాంగం అంచున పెన్సిలుతో మన టైము రాసుకున్నాడు. ఆ మరుసటి ఏడు నుంచి గ్రహణాలకు దృక్సిద్ధాంత పంచాంగమే చూశాడు. మరి స్నానమెందుకని నేనడిగితే, "లెక్క వాళ్లది, స్నానం మనది" అన్నాడు. అదే రాత్రి మీ అబ్బా అరుగు మీద కూర్చుని ఇంకో కథ చెప్పాడు. ప్రవక్త పసికొడుకు పోయిన రోజున సూర్యగ్రహణం పడితే, ఆ చావుకే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారట. ఆయనే కాదన్నాడు, ఎవరి చావు కోసమూ గ్రహణం పట్టదన్నాడు. అని, నమాజు చేశాడు.

నాకు వాళ్లిద్దరూ ఒకటే మాట చెప్పినట్టు ఇప్పుడనిపిస్తుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదురా. చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ ఆర్యభటుడు తేల్చేశాడు. తర్వాత 628లో బ్రహ్మగుప్తుడు అదే నీడతో లెక్కలు కట్టి, రాహువు లేడన్నవాళ్లను మాత్రం తిట్టాడు. బ్రహ్మ ఇచ్చిన వరంతో రాహువు ఆ నీడలోకి వచ్చి చేరతాడని సర్దాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత మీ అల్‌బిరూనీ అది చదివి మండిపడ్డాడు, సోక్రటీసుకు పట్టిన గతిలాంటిదేదో ఈయనకూ పట్టి ఉంటుందన్నాడు. నాకైతే బ్రహ్మగుప్తుడి మీద కోపం రాదు. లెక్కను చెడగొట్టకుండా రాహువుకు ఓ గది అద్దెకిచ్చాడు, అంతే.

మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పేరు నీకు చెప్పానో లేదో. 1867లో వెలుగు మారుతుండే ఒక కొత్త చంచల నక్షత్రాన్ని పట్టుకున్నవాడు. నుదుట నామం పెట్టుకునే మనుషుల్లోంచే వచ్చి, పంచాంగాలను కంటికి కనబడే ఆకాశంతో సరిచేయమని సిద్ధాంతుల వెంటపడ్డాడు. ఆ తగువు ఇప్పటికీ ఒడవలేదు. సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలకే ఉత్తరానికి మళ్లుతాడు, మనం జనవరి 14న ఉత్తరాయణ పుణ్యకాలమంటాం. వివేకానందుడు పుట్టిన 1863 సంక్రాంతి జనవరి 12న వచ్చింది, ఇప్పుడు ఒక్కోసారి 15కు పోతోంది. ఈ తేడా సరిచేయాలని మేఘనాద్ సాహా కమిటీ 1955లో రిపోర్టు రాసింది, ప్రభుత్వం శక క్యాలెండర్ తెచ్చింది. గెజిట్ మీద ఆ తేదీ వేస్తున్నారు. గంగిరెద్దులవాడు మాత్రం పాత సంక్రాంతికే వస్తున్నాడు.

క్రైస్తవుల్లోనూ ఇదే వరస. 1582లో పోప్ గ్రెగరీ పది రోజులు కొట్టేసి క్యాలెండర్ సరిచేస్తే, లెక్క సరైనదని తెలిసీ ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు. పోప్ చెప్పాడు కాబట్టి. చూశావా, తగువు లెక్కతో కాదు, లెక్క ఎవరి నోటి నుంచి వచ్చిందన్న దానితో. తర్వాతి కాలంలో ఆ పోపుల అబ్జర్వేటరీ, మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ ఒకే నక్షత్రాల పట్టికకు పనిచేశాయి. ఆకాశాన్ని వాటాలు వేసి పంచారు. హైదరాబాదుకు ఓ వాటా, వాటికన్‌కు ఓ వాటా. వాటికన్‌లో నలుగురు సన్యాసినులు 1910 నుంచి 1921 దాకా ఫొటో పలకల మీద నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు కొలిచారు. వాళ్ల ప్రార్థన వేళలకేమీ అడ్డు రాలేదనుకుంటా.

ఇక మీ సంగతి. నెల మొదలును లెక్కతో తేల్చవచ్చని ఈజిప్టు హదీసు పండితుడు అహ్మద్ షాకిర్ 1939లోనే రాశాడు. నెలవంకను కంటితో చూడాలని లెక్కరాని జనానికి పెట్టిన నియమం లెక్క వచ్చాక మారాలన్నది ఆయన వాదం. ఎవరు పట్టించుకున్నారు? 2006లో మీ అమెరికా ఫిఖ్ కౌన్సిల్ లెక్కకు ఒప్పుకుంది. సైన్సు మీద ప్రేమ ఒక్కటే కారణమంటే నేను నమ్మను. ఆఫీసులో సెలవు అడగాలన్నా, హాలు బుక్ చేయాలన్నా అక్కడ తేదీ నెలల ముందే కావాలి. 2015లో న్యూయార్కు బడులకు ఈద్ సెలవు ఒప్పుకున్నారని నువ్వెంత పొంగిపోయావు! బడి క్యాలెండర్ నెలవంక కోసం ఆగుతుందా? సైన్సు చేయలేని పని ఇరుగుపొరుగు చేయించింది. మావాళ్లకూ అంతే. 2024లో మీ బడులకు మొదటిసారి దీపావళి సెలవిచ్చారు, నవంబరు 1న. మేం ఇక్కడ అక్టోబరు 31నే టపాకాయలు కాల్చేశాం.

అలా తేదీ ముందే తెలిసిన దేశంలో నువ్వున్నావు. నీది తప్పనడం లేదు. అమ్మీకి లెక్క తెలియదని మాత్రం అనుకోకు. నా పంచాంగంలో 30వ తేదీ ఎదురుగా చంద్రదర్శనం అని అచ్చేసి ఉంటే, వేలు పెట్టి చూపించాను. "తెలుసు బిడ్డా" అంది.

ఉగాది నాడు పొద్దున మా ఆవిడ పచ్చడి పట్టుకుపోతే, గిన్నె తీసుకుని మూతపెట్టి పక్కన పెట్టింది. సాయంత్రం నేనూ వెళ్లాను. ఆమెకు మోకాళ్లు సహకరించవు కదా, చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆపుతూ డాబా ఎక్కించాను. అజాన్ కాగానే ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, ఆ వెంటనే గిన్నె మూత తీసింది. వేపపువ్వు పంటికింద పడి ముఖం చిట్లించింది. అప్పుడే పడమట సెల్ టవర్ పక్కన సన్నగా కనబడింది. ముందు నేనే చూశాను గానీ చెప్పలేదు. ఆమే చూసి నా భుజం గిల్లింది.

నీకు ఫోన్ చేయమంటావా అంటే, వద్దంది.

నీ
సత్యం