తప్పు బండిది కాదు

పోయిన ఆదివారం మా బుల్లెట్ కిక్కు మళ్లీ వెనక్కి తన్నింది. నెలలో ఇది మూడోసారి. మా ఆయన చీలమండ వాచిపోయింది. "ఇక అమ్మేద్దాం నాన్నా" అన్నారు ఐస్ పెట్టుకుంటూ. మామయ్యగారు పలకలేదు. ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఓసారి రా. నాకు చూపు ఆనడం లేదు."

అది పాత 350, పాయింట్ల బండి. పాయింట్లు విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో స్పార్క్ వస్తుందట. పిస్టన్ పైకి చేరకముందే మరీ తొందరగా వస్తే మంట దాన్ని వెనక్కి తోస్తుంది. ఆ దెబ్బ కిక్కు రాడ్డు మీదుగా మన కాలికే. ఆలస్యంగా వస్తే బండి లాగదు, ఇంజన్ కాగిపోతుంది.

మామయ్యగారు చెప్తుంటే ప్లగ్గు తీసి, టాప్ గేరులో వేసి, వెనక చక్రం మెల్లగా తిప్పాను. పాయింట్లు బాగా విచ్చుకున్నచోట ఆపి, ఫీలర్ గేజ్ రేకు పెట్టి చూశాను. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. నా చేతిలో 0.60 రేకు కూడా సులువుగా దూరిపోయింది.

ఆ మాట చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

"పోయిన నెల నేనే సర్దానమ్మా. రేకు మీద అంకె కనబడలేదు, తడిమి పట్టుకున్నాను. సందు పెరిగితే పాయింట్లు ముందే విచ్చుకుంటాయి. వాడి కాలు నేనే విరగ్గొట్టేవాణ్ణి."

ఏం చెప్పాలో తోచలేదు. స్క్రూ వదులు చేసి, 0.40 రేకు కాస్త పట్టినట్టు ఉండేలా సర్దాను. బిగించేటప్పుడు సందు కదులుతుందని మళ్లీ కొలిపించారు. తర్వాత తాళం తిప్పి, హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటరు చూడమన్నారు. చక్రం తిప్పుతుంటే మైనస్ వైపున్న ముల్లు మధ్యకి ఎగిరింది. పాయింట్లు విడిపోయాయన్నమాట. ప్లగ్గు రంధ్రంలో పెట్టిన పుల్లని బట్టి చూస్తే పిస్టన్ పైకి చేరడానికి ఇంకా వెంట్రుకవాసే ఉంది. "సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉండాలి, సరిపోయింది" అన్నారు.

ప్లగ్గు బిగించాక భయపడుతూనే తన్నాను. రెండో కిక్కుకి డుగ్ డుగ్ మంది. ఆ చప్పుడుకి మా ఆయన కుంటుకుంటూ బయటికొచ్చారు.

"తప్పు నాదిరా, బండిది కాదు" అన్నారు మామయ్యగారు.

ఏడాదిగా వాయిదా వేస్తున్న శుక్లాల ఆపరేషన్‌కి ఆ సాయంత్రం ఆయనే డాక్టరుకి ఫోన్ చేయమన్నారు. బండి అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.