దరువు ఎటు పోయింది?

బాస్ తగ్గిందనగానే అందరి చెయ్యీ వాల్యూమ్ మీదికే పోతుంది. నా చూపు మాత్రం సోఫా మీదికి పోతుంది. 40 హెర్ట్‌జ్ శబ్దతరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు, మన హాళ్లు దానికి చాలవు. గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన అల, ఎదురొచ్చే అలతో కలిసి ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట చచ్చిపోతుంది. సరిగ్గా ఆ చచ్చినచోటే కూర్చుంటే ఎంత ఖరీదైన సబ్‌వూఫరైనా మూగదే. వాల్యూమ్ పెంచితే వినోదం పక్కింటివాళ్లకే!

అందుకే సబ్‌వూఫర్‌ని సోఫా మీదికెక్కించి, మంచి డప్పు పాట పెట్టి, గోడల వెంట పాకాలి. దెబ్బ నిండుగా వినబడ్డ చోటే దాని స్థానం. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. ఇక వైర్లంటారా, ఒక స్పీకరుకు ఎరుపూ నలుపూ తారుమారైతే, అది లాగుతుంటే రెండోది తోస్తుంది. బాస్ చెల్లుకు చెల్లు. అది సరిచేసి, రిసీవర్లో క్రాసోవర్‌ని (బాస్‌ను సబ్‌వూఫర్‌కి మళ్లించే హద్దును) 80 హెర్ట్‌జ్ దగ్గర పెడితే చాలావరకు సర్దుకుంటుంది. సబ్‌వూఫర్‌కి దొరికిన చోట ఇప్పటికే బీరువా ఉంటే మాత్రం, ఆ బేరం ఇంట్లో తేలాల్సిందే.