ముద్ఖేడ్ నుంచి సూర్యలంకకు

బాపట్ల హాస్టల్లో నన్ను మహారాష్ట్ర అమ్మాయి అంటారు. ముద్ఖేడ్‌లోనేమో తెలుగువాళ్ల పిల్లని. 1956 దాకా మా ఊరూ, ఆదిలాబాదూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. తర్వాత రాష్ట్రాలు వేరయ్యాయి గానీ, ఆదిలాబాద్ లైను ఇప్పటికీ మా జంక్షన్‌లోనే కలుస్తుంది.

అటునుంచి బాపట్ల వైపు వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఇక్కడ దిశ మార్చుకుంటుంది. ఇంజన్‌ని రెండో కొసకు తగిలిస్తారు, ముందున్న పెట్టె వెనకదవుతుంది. ఓసారి జోరువానలో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తాం. నేనైతే ఎక్కాను. అమ్మ కట్టిచ్చిన రొట్టెల మూట ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. ఇంకోసారి కృష్ణాలో టికెట్ దొరక్క వేరే బండిలో బయల్దేరినప్పుడు సికింద్రాబాద్‌లో రెండో బండి తప్పిపోయింది. రాత్రంతా వెయిటింగ్ హాల్లోనే. పక్కనున్న నిర్మల్ ఊరి పెద్దమ్మ తన జొన్నరొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టింది. ఆ రుచి మరిచిపోలేను.

మొన్న శని, ఆదివారాలు స్నేహితురాళ్లతో సూర్యలంక బీచ్‌కి వెళ్లాను. మా ఊరికి దగ్గర్లోని నాందేడ్‌లో గోదావరిని చూస్తూ పెరిగినదాన్ని. త్ర్యంబకేశ్వర్‌లో అది పుట్టినచోటికి అరేబియా సముద్రం దగ్గరే. అయినా ఆ నది అటు పోకుండా, దాదాపు 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి ఈ బంగాళాఖాతంలోనే కలుస్తుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడితే అదే గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది.

అమ్మకు వీడియో కాల్ చేశాను. అలల హోరులో నా మాటలు తనకు వినపడలేదు. తను ఇంతవరకు సముద్రం చూడలేదు. సంక్రాంతి సెలవులయ్యాక వెంట తీసుకొస్తాను. కృష్ణాలో టికెట్లు దొరికితే ఎక్కడా బండి మారే పని లేదు.