చక్రాల కుర్చీలో అమ్మగారితో సంగీత సభకు

నడవలేని పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్తాం గాని పాటకచేరీకి తీసుకువెళ్లాలన్న తలంపు మనకు రాదు. డెబ్బై ఆరేళ్ల మా అమ్మగారికి పాటంటే ప్రాణం. అందుకే ఆమెను హైదరాబాదు తీసుకువెళ్లాను.

నాగోలులో మెట్రో రైలెక్కి రాయదుర్గంలో దిగాం. స్టేషన్లలో లిఫ్టులున్నందున ఒక్క మెట్టు దగ్గర కూడా ఆమెను ఎత్తవలసిన అవసరం రాలేదు. కుర్చీని మడిచి కారులో పెట్టుకొని గచ్చిబౌలి స్టేడియం చేరాం. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగిన చోటది. పొద్దుండగానే వెళ్లడంవల్ల తోపులాట తప్పింది.

"ఈమెను ఎక్కడ ఉంచుతారు?" అని ప్రేక్షకుడొకాయన నన్నడిగాడు. "నన్నే అడుగు నాయనా, నాకు నోరుంది" అన్నారు అమ్మగారు. ఆమె మధ్యలో వద్దని పక్కదారి అంచున చోటు కోరుకున్నారు. ఎందుకో పాట మొదలయ్యాక తెలిసింది. జనమంతా లేచి నిలబడ్డారు. మధ్యలో ఉంటే ఆమెకు వీపులే కనబడేవి. అంచున ఉన్నందున వేదిక కనబడింది. రెండు గంటలు చేత్తో తాళం వేస్తూనే ఉన్నారు.

బహిరంగ భవనాల్లోకి వికలాంగులు సులువుగా వెళ్లగలగాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ర్యాంపుకు ఒక కొలత ఉంది: అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు. మన మందిరానికి ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. అది కట్టండి. లోపల చోటు ఎక్కడ కావాలో మాత్రం ఆ కుర్చీలో కూర్చున్నవారినే అడగండి.